తూకం కుడి గోడకే

కృష్ణవేణమ్మ బిల్లు కొట్టేటప్పుడు కంప్యూటర్ వైపు చూడదు, ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం వైపు చూస్తుంది. "బిందె నీకా, బిడ్డకు సారె పెట్టేదానికా?" అని అడుగుతూనే మౌసు కదిలిస్తుంది. బిల్లు తెరుచుకుంటుంది, తూకం దిగుతుంది, కాగితం బయటికొస్తుంది. అవతలి మనిషి జవాబు చెప్పేలోపు పాత్రకు పురికొస చుట్టి, డ్రాయర్లోంచి కత్తెర తీసి తుంచేస్తుంది కూడా. గిద్దలూరు బజారులో ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణాలు ఇంకా ఉన్నాయి. అయినా రాచర్ల వైపు నుంచి వచ్చి ఆటో దిగినవాళ్లు నేరుగా ఈ దుకాణానికే వస్తారంటే, సగం కారణం సరుకు, మిగతా సగం కృష్ణవేణమ్మ.

కంప్యూటర్ వచ్చిన కొత్తలో ఆమె దానిమీది ఇంగ్లీషు అక్షరాల జోలికి పోలేదు. చోట్లు నేర్చుకుంది. పాత చదరపు స్క్రీను మీద పై ఎడమ మూలన బిల్లు బొమ్మ. నడిమధ్యన సరుకుల ధరలు కనపడే కిటికీ. కుడి అంచుకు ఆనుకుని, పైనుంచి కిందిదాకా సన్నగా తూకం కిటికీ. కాటా మీద పాత్ర పెట్టి ఆ కిటికీలో నొక్కితే బరువు బిల్లులోకి దిగుతుంది. పోపు డబ్బాలోకి చూడకుండానే ఆవాలు తీసి నూనెలో వేసే మనిషికి ఇదేమీ పెద్ద విద్యగా అనిపించలేదు.

కోడలు అమూల్య డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. పెళ్లయ్యాక ఇల్లే చూసుకుంటోంది. దుకాణంలో కూర్చునేది తక్కువే గానీ, అక్కడ ఏది ఎక్కడుందో ఆమె కళ్లు దాటిపోదు. ఇంట్లో ఎవరైనా గరిటె ఒకచోట తీసి ఇంకోచోట తగిలిస్తే ఏమీ అనదు. తర్వాత వెళ్లి దాని చోట తగిలించి వస్తుంది.

ఆమె భర్త గిరిధర్ మార్కాపురంలో రెండో దుకాణం తెరవాలనుకున్నాడు. అక్కడే ఉండే చిన్నాయన చెన్నకేశవరావు సగం వాటాకు వచ్చాడు. దుకాణం కుదిరింది, సరుకు దిగింది. కౌంటర్లో ఎవరు కూర్చోవాలన్న దగ్గర మాట ఆగింది.

"నేను కూచుంటా," అన్నది కృష్ణవేణమ్మ. "గిద్దలూరు గిరి చూసుకుంటాడు. కొత్త ఊర్లో గిరాకీని అలవాటు చేసేది నాకొచ్చు."

"ఈ వయసులో నీకెందుకు వదినా ఈ యాతన?" అన్నాడు చెన్నకేశవరావు. "కంప్యూటర్ కోర్సు చేసిన పిల్లోడు ఒకడుండాడు. చెప్పి పెట్టినా."

"పిల్లోడు బిల్లు కొడతాడు కేశవా. వచ్చినోళ్లు మళ్లా వచ్చేట్టు చేస్తాడా?"

చెన్నకేశవరావు గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. "సరే, గురువారం ముహూర్తం. బోణీ బిల్లు నువ్వే కొట్టు. అది చూసి మిగతాది అనుకుందాం," అన్నాడు. అంటే అది పరీక్ష అని అక్కడున్న అందరికీ అర్థమైంది. కృష్ణవేణమ్మకు ముందుగా అర్థమైంది.

సోమవారం అత్తాకోడళ్లిద్దరూ పొద్దున్నే బస్సెక్కి మార్కాపురం వెళ్లారు. కొత్త దుకాణంలో కొత్త కంప్యూటర్. స్క్రీను పాతదానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు. దానితోపాటు గిరాకీవాళ్లకు తూకం, ధర కనపడేలా రెండో స్క్రీను ఒకటి. గిరిధర్ వాటిని ఒకలా అమర్చి వెళ్తే, చెన్నకేశవరావు వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చునేవాళ్లు ఉత్తరం చూడాలని కౌంటరంతా తిప్పించాడు. దాంతో వీధి వాకిలి ఎడమ పక్కకు వచ్చింది. గిరాకీ స్క్రీను కూడా కుడి నుంచి ఎడమకు వచ్చింది.

కృష్ణవేణమ్మ కుర్చీలో కూర్చుని చీర చెంగు సర్దుకుంది. చెన్నకేశవరావు ఒక చెంబు కాటా మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఆయన మొహం వైపు చూస్తూ, అలవాటు చొప్పున, మౌసును కుడికి ఒక్క తోపు తోసింది.

బాణం గుర్తు కనపడకుండా పోయింది.

ఎక్కడికి పోయిందో అని వెతికితే, ఎడమ పక్కనున్న గిరాకీ స్క్రీను మీద తేలింది. వెనక్కి లాగితే మళ్లీ కుడి పక్క నుంచి వచ్చింది. బిల్లు బొమ్మ ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. నొక్కితే ఇంగ్లీషులో ఏదో అడిగింది. చెంబు కాటా మీదే ఉంది, బిల్లు మాత్రం రాలేదు.

"అందుకే కదా వదినా నేను చెప్పేది," అన్నాడు చెన్నకేశవరావు. గొంతులో వెటకారం లేదు, జాలి ఉంది. కృష్ణవేణమ్మకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె లేచి నిలబడింది. "నా చేతికి అందట్లా," అని మాత్రం అన్నది.

అమూల్య అప్పటిదాకా గోడకు ఆనుకుని అన్నీ చూస్తూ ఉంది. "చేతిలో లోపమేమీ లేదత్తా," అంది. "సామాన్లు చోటు తప్పినాయి. గురువారానికి నేను సర్ది పెడతా."

"సర్దేదానికి అదేమన్నా బీరువానా అమ్మా?" అన్నాడు చెన్నకేశవరావు.

"అట్లాంటిదే చిన్నమామా," అంది అమూల్య. ఆ మాట ఎంత నిజమో ఆమెకు కూడా అప్పటికి పూర్తిగా తెలియదు.

సాయంత్రం గిద్దలూరు తిరిగి వచ్చి, కూతురి జామెట్రీ బాక్సులోని స్కేలు తీసుకుని దుకాణానికి వెళ్లింది. పాత స్క్రీను మీద బిల్లు బొమ్మ ఎడమ అంచుకు ఎంత దూరం, ధరల కిటికీ ఎంత దూరం, తూకం ఎంత దూరం అని కొలిచి గుర్తుపెట్టుకుంది. గిరిధర్ నవ్వాడు.

"ఏంది, కంప్యూటర్‌కు జాకెట్ కుట్టిస్తావా?"

"కుట్టిస్తా. నువ్వు కొలతలు తియ్యకుండా కొనుక్కొచ్చినావు కదా, ఇప్పుడు నేను తియ్యాల్సి వచ్చింది."

మంగళవారం మళ్లీ ఇద్దరూ మార్కాపురం వెళ్లారు. కొత్త స్క్రీను మీద బొమ్మలు వాటంతటవే వరస కట్టే ఏర్పాటును అమూల్య ముందు తీసేసింది. తర్వాత స్కేలు పెట్టి, గిద్దలూరులో ఎంత దూరముంటే ఇక్కడా అంతే దూరంలో ఒక్కొక్కటీ అమర్చింది. గీతకు గీత సరిపోయింది. ఆమెకు తృప్తిగా అనిపించింది.

కృష్ణవేణమ్మ కూర్చుంది. బిల్లు బొమ్మ మొదటిసారే దొరికింది. ధరల దగ్గర చెయ్యి తడబడింది. తూకం అసలు దొరకలేదు. ఎందుకంటే, పాత స్క్రీనులో కుడి అంచున ఉన్న కిటికీ, అదే కొలతతో పెడితే కొత్త స్క్రీనులో నడిమికి కాస్త అవతల, దేనికీ ఆనకుండా నిలబడి ఉంది.

"ఇది మనది కాదులే అమూల్యా," అన్నది కృష్ణవేణమ్మ మౌసు వదిలేసి. "కేశవ చెప్పిన పిల్లోడినే రమ్మందాం. బోణీ కాడ నలుగురిలో నవ్వులపాలయ్యేకంటే అదే నయం."

అమూల్య స్కేలు వైపు చూసింది, స్క్రీను వైపు చూసింది. కొలత తప్పు కాదు. మరి తప్పు ఎక్కడ? అత్త చేతిలో ఉన్న లెక్క తన స్కేలులో లేదు. ఆ లెక్క ఏమిటో అత్తనే అడగాలి. అడిగినా మాటల్లో చెప్పడం ఆమెకు రాదు, చేతితో చూపించాల్సిందే.

పక్క దుకాణం పలకలది. అమూల్య వెళ్లి రెండు రాతి పలకలు, ఒక బలపం తెచ్చింది. ఒక పలక చిన్నది, ఇంచుమించు చదరం. ఇంకొకటి పొడుగుది. చిన్న పలకను అత్త ఒళ్లో పెట్టింది.

"ఇప్పుడు నాకు అక్షరాభ్యాసం చేస్తావా ఏంది?"

"నువ్వే నాకు చెయ్యి. ఇది మన గిద్దలూరు స్క్రీను అనుకో. ఏవి యాడుండాయో గీసి చూపించు."

కృష్ణవేణమ్మ ఆలోచించకుండా గీసింది. పై ఎడమ మూలన చిన్న సున్నా, బిల్లు. నడిమధ్యన పెట్టె, ధరలు. కుడి అంచు వెంబడి పైనుంచి కిందికి ఒక గీత, తూకం. అమూల్య ఆ పలక తీసి పొడుగు పలక పెట్టింది.

"ఇప్పుడు దీంట్లో. నీ ఇష్టమొచ్చినట్టు పెట్టు."

కృష్ణవేణమ్మ సున్నా అదే మూలన పెట్టింది, మూలకు అంతే దగ్గరగా. పెట్టెను నడిమికి జరిపింది. తూకం గీతను కుడి చివరికి, పలక చెక్క అంచుకు తగిలేలా గీసింది.

"ఇంత దూరం ఎందుకు పెట్టినావత్తా? చిన్న పలకలో ఎడమ నుంచి ఇంతే కదా?" అంటూ అమూల్య స్కేలు ఆనించింది.

కృష్ణవేణమ్మ కోడలి మొహంలోకి వింతగా చూసింది. "ఎడమ నుంచి ఎవరు కొలిచినారే? తూకం గోడకు కదా ఉండేది! ఇల్లు పెద్దదైతే గోడ బీరువాను నడింట్లో పెట్టుకుంటామా?"

అమూల్య నవ్వేసింది. నవ్వుతూనే స్కేలును సంచిలో పడేసింది. మూలది మూలకు, నడిమిది నడిమికి, అంచుది అంచుకు. తాను అన్నింటినీ ఒకే అంచు నుంచి కొలిచింది. అత్త దేనికదే, అది ఆనుకున్న చోటు నుంచి కొలిచింది.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తెలిసింది. అత్త మౌసును కుడికి తోసేది గురి చూసి కాదు. అంచు గోడలా ఆపుతుందన్న నమ్మకంతో. ఇక్కడ ఆ గోడే లేదు. గిరాకీ స్క్రీను కుడి పక్కనే ఉందని కంప్యూటర్ ఇంకా అనుకుంటోంది. కౌంటర్ తిప్పిన సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

బుధవారం పొద్దున్న అమూల్య దానికి ఆ సంగతి చెప్పింది. సెట్టింగుల్లోకి వెళ్తే రెండు స్క్రీన్లూ ఒకటి, రెండు అని అంకెలున్న రెండు పెట్టెల్లా కనపడ్డాయి. రెండో పెట్టెను పట్టుకుని కుడి నుంచి ఎడమకు లాగింది. అంతటితో కుడి గోడ తిరిగొచ్చింది. ఇప్పుడు ఎడమ పక్క తెరుచుకుంది, బిల్లు బొమ్మ ఉన్నది ఆ పక్కే. ఒక్క నిమిషం ఆలోచించి, రెండో పెట్టెను కిందికి జరిపి, కింది మూల మాత్రమే ఒకటో పెట్టెకు ఆనేలా పెట్టింది. ఇక బాణం గిరాకీ స్క్రీనుకు పోవాలంటే దొడ్డి వాకిలి లాంటి ఆ కింది సందు నుంచే పోవాలి. పైన గోడ గట్టిగా ఉంది.

చెన్నకేశవరావు మామిడాకుల తోరణాలు కట్టించి, లోపలికొచ్చి స్క్రీను వైపు చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏందమ్మా ఇది? ఈశాన్యంలో చెత్తబుట్ట!"

నిజమే. చెరిపేసినవి పడే బుట్ట బొమ్మ పై కుడి మూలన ఉంది. గిరిధర్ అమర్చినప్పుడు ఎలాగో అక్కడ చేరింది.

"ఈశాన్యం ఎట్లయితది చిన్నమామా? కుడి పక్క తూర్పు, ఒప్పుకుంటా. పై పక్క ఉత్తరమా? ఇది నిలబడి ఉంది కదా. పైన ఆకాశం."

చెన్నకేశవరావు స్క్రీను ఎదుట నిలబడి, చెయ్యి చాపి, దిక్కులు లెక్కపెట్టుకున్నాడు. మెడ వంచి చూశాడు. "పడుకోబెడితే?" అన్నాడు చివరికి.

"పడుకోబెడితే ఈశాన్యమే. అయినా మీ మాటే కానిద్దాం, తీసేస్తా. ఆ మూల తూకానికి కావాలి." బుట్టను లాగి కింది ఎడమ మూలన పెట్టింది. "ఇంకో మాట. మీరు కౌంటర్ తిప్పించబట్టే అత్తకు కుడి పక్క గోడ మిగిలింది. మా ఆయన పెట్టినట్టే ఉంటే గిరాకీ స్క్రీను నిజంగానే కుడికి ఉండేది, తూకం చేతికి అందేది కాదు."

"చూసినావా మరి," అన్నాడు చెన్నకేశవరావు. గోడ సంగతి ఆయనకు అర్థం కాలేదు గానీ, ఆ పూటంతా వచ్చినవాళ్లందరికీ కౌంటర్ దిక్కు చూపించాడు.

అమూల్య పలక ముందు పెట్టుకుని అన్నీ అమర్చింది. బొమ్మలు, కిటికీలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుని, చెదిరితే తిరిగి అక్కడే పెట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి వేసింది. ఇంతటితో ఎవరైనా లేచేవాళ్లు. ఆమె లేవలేదు. వంగి గిరాకీ స్క్రీను ప్లగ్గు పీకి చూసింది. అనుకున్నంతా అయింది. ఆ స్క్రీను ఆరగానే దానిమీది ధర కిటికీ ఎగిరొచ్చి ఇవతల తూకం మీద కూర్చుంది. రేపు కరెంటు పోతే ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఎలక్ట్రీషియన్ కంప్యూటర్‌ను ఇన్వర్టర్‌కు కలిపాడు గానీ గిరాకీ స్క్రీనును కలపలేదు. ఫోన్ చేస్తే శుక్రవారం వస్తానన్నాడు. రెండు స్క్రీన్లూ ఉన్నప్పుడు ఒక అమరిక, ఒకటే ఉన్నప్పుడు ఇంకొక అమరిక, రెండింటినీ ఆ ప్రోగ్రాంకు నేర్పింది. రెండింటిలోనూ తూకం కుడి గోడకే. మళ్లీ ప్లగ్గు పీకింది, పెట్టింది, పీకింది. ఏదీ చెదరలేదు.

"ఇప్పుడు రా అత్తా."

కృష్ణవేణమ్మ వచ్చి కూర్చుంది. మౌసును కుడికి ఒక్క తోపు తోసింది. బాణం పోయి అంచుకు తగిలి ఆగింది. ఆమె చెయ్యి అక్కడే ఒక్క క్షణం నిలిచింది. మళ్లీ తోసింది, మళ్లీ ఆగింది. పురికొస ఉండ తీసి తన ఎడమ చేతి పక్కన పెట్టుకుంది.

గురువారం దుకాణం నిండా జనం. బోణీకి రాచర్ల నుంచి కోటమ్మను రమ్మన్నారు. గొర్రెలు, మేకలు కాసే ఇల్లు ఆమెది. ఆమె చెయ్యి మంచిదని కృష్ణవేణమ్మ నమ్మకం. గిద్దలూరు దుకాణానికి బోణీ చేసింది కూడా ఆమే. ఆమె వెంట పెనిమిటి గురవయ్య, భుజాన కండువాతో.

"ఇంత దూరం వచ్చింది నీ కోసమే అక్కా," అన్నది కోటమ్మ. "ఇత్తడి తపేలా ఇయ్యి, పెద్దది. నా మాదిరి గట్టిగా ఉండాల."

"నీ మాదిరి మోగకుండా ఉంటే చాలు," అన్నాడు గురవయ్య. అందరూ నవ్వారు.

తపేలా కాటా మీదికెక్కింది. చెన్నకేశవరావు కౌంటర్ పక్కన నిలబడి వదిన చెయ్యి వైపే చూస్తున్నాడు. గిరిధర్ కూడా అటే చూస్తున్నాడు. అమూల్య మాత్రం అత్త చెయ్యి వైపు చూడలేదు. కొబ్బరికాయ చిప్పలు పళ్లెంలో సర్దుతోంది.

"చిన్నోడికి సంబంధం చూస్తాండామన్నావు, ఏమైంది?" అని కృష్ణవేణమ్మ కోటమ్మను అడిగింది, కోటమ్మ మొహం వైపే చూస్తూ. పై మూలన బిల్లు తెరుచుకుంది. నడిమధ్యన ఇత్తడి ధర పడింది. కోటమ్మ వెలిగండ్ల సంబంధం సంగతి ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే ఫ్యాను ఆగింది, లైట్లు ఆరాయి. గిరాకీ స్క్రీను నల్లబడింది.

గిరిధర్ ఒక అడుగు ముందుకు వేశాడు. అమూల్య పళ్లెం పట్టుకున్న చేత్తోనే, కదలొద్దన్నట్టు సైగ చేసింది.

ఇన్వర్టర్ మీద లైట్లు వెలిగాయి. కంప్యూటర్ ఆరనేలేదు. కిటికీలు ఒక్కసారి కదిలి, తమ చోట్లకు తాము చేరుకున్నాయి. "పిల్ల ఏం చదివిందంట?" అంటూ కృష్ణవేణమ్మ మౌసును కుడికి తోసింది. బాణం గోడకు తగిలి ఆగింది. తూకం బిల్లులోకి దిగింది, కాగితం బయటికొచ్చింది. కరెంటు పోయిన సంగతి ఆమె ఆ తర్వాత, చెమట పట్టాక గమనించింది.

"ఉక్కపోస్తాందేందిరా గిరీ, ఫ్యాను తిరగట్లేదా?"

గిరిధర్ పెద్దగా నవ్వాడు. చెన్నకేశవరావు బిల్లు కాగితం అందుకుని, వెలుతురు వైపు తిప్పి, పై నుంచి కిందిదాకా చదివాడు. అంతా సరిగ్గానే ఉంది. జేబులోంచి తాళాల గుత్తి తీసి కౌంటర్ మీద, వదిన చేతి పక్కన పెట్టాడు.

"ఆ కోర్సు పిల్లోడిని సరుకు దించే కాడ పెట్టుకుందాంలే వదినా," అన్నాడు. "ఈడ నువ్వు కూచో."

"కూచున్నా కదా," అన్నది కృష్ణవేణమ్మ. అప్పటికే తపేలాకు పురికొస చుట్టేసింది. ముడి వేసి, కోటమ్మతో మాట్లాడుతూనే కుడి చెయ్యి కిందికి పోనిచ్చి డ్రాయర్ లాగింది. చూడకుండా లోపల తడిమింది. మాట ఆగింది. మళ్లీ తడిమింది. తల వంచి డ్రాయర్లోకి చూసింది.

"అమూల్యా!"

అందరూ అటు తిరిగారు.

"కత్తెర యాడ పెట్టినావే?"

అమూల్య పళ్లెం పక్కన పెట్టేసింది. బొమ్మలు, కిటికీలు, గోడలు, కరెంటు, అన్నీ ఆలోచించింది. గిద్దలూరు డ్రాయర్లో ముందు కత్తెర, దాని వెనక బిల్లు చుట్టలు, మూలన కుంకుమ భరిణె ఉంటాయని ఈ ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది తనకే. ఇక్కడి డ్రాయర్లో మాత్రం గిరిధర్ ఎలా పడేస్తే అలాగే ఉన్నాయి.

"తెర మీద అన్నీ సర్దినావు, చేతి కిందిది మరిచిపోయినావే!" అన్నది కృష్ణవేణమ్మ. మొహమంతా నవ్వు. "గురవయ్యా, నీ కాడ కత్తేమన్నా ఉందా?"

గురవయ్య మొలలోంచి చిన్న కత్తి తీసి పురికొస తుంచాడు. కోటమ్మ తపేలా నెత్తికెత్తుకుంది. వాకిట్లో ఇంకా నలుగురు ఆడవాళ్లు చెప్పులు విడుస్తున్నారు.

అమూల్య వంగి డ్రాయర్ మొత్తం బయటికి లాగి, ఒళ్లో పెట్టుకుని, అత్త కాళ్ల దగ్గర కింద కూర్చుంది. కత్తెర బయటికి తీసి ముందు పెట్టింది.

"ఇంకొంచెం కుడికి," అన్నది కృష్ణవేణమ్మ పైనుంచి, చూడకుండానే. ఆమె చూపు అప్పటికే వాకిట్లోకి పోయింది. "రాండమ్మా, లోపలికి రాండి. బిందెలా, గిన్నెలా?"